గింజలున్న జెండా

ఆత్మకూరు బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే కరుణమ్మ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే కబుర్లు చెబుతుంది. మిషను నేర్చుకోకముందు పదేళ్లు చేజర్ల చేలల్లో వరి కోసిన మనిషి. పక్క ఊరి బడిలో పిల్లలు జెండా చూపించి దాని అర్థం చెప్పే పోటీ ఉందని దయాసాగర్ మాస్టారు ఫోనులో ఆగ్నేయాసియా దేశాల కూటమి జెండా చూపించి, నీలం గుడ్డ మీద ఎర్రటి గుండ్రం, అందులో పది వరి కాడల కట్ట కుట్టమన్నారు. కట్ట బాగానే కుదిరింది గానీ, బోడి కాడల్ని అలా వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పసుపు దారంతో ప్రతి కాడకీ గింజలు కుట్టేసింది.

పోటీనాడు పిల్లలతో వచ్చి, అది చూసి మాస్టారు తల పట్టుకున్నారు. "గింజలెందుకు పెట్టినావమ్మా? పది కాడలంటే పది దేశాలు, అంతే!"

"ఉత్త గడ్డి కోసమైతే పది దేశాలు ఎందుకు కలిసినాయి సారూ?" అంది కరుణమ్మ.

ఆటోలో వెళుతూ దారి పొడుగునా మాస్టారు పిల్లల చేత ఆ మాటే వల్లె వేయించారు.