చర్చి వెనక మేడకు పన్ను

నాగర్‌కర్నూల్‌లో మా వీధి చివర ఒక చర్చి ఉంది. దాని ఆవరణలోనే చర్చి వాళ్లు నడిపే వృద్ధాశ్రమం. మొదట్లో అది ఒక రేకుల హాలు మాత్రమే. వలస పనులకు తిరిగి తిరిగి, ఒంట్లో సత్తువ అయిపోయాక నా అన్నవాళ్లెవరూ లేకుండా వచ్చిన కూలీలకు అక్కడ మంచమూ తిండీ ఉచితం. తరవాత హాలు పక్కన రెండంతస్తుల మేడ లేచింది. అందులో గదులకు నెలనెలా డబ్బు కట్టాలి. పింఛను వచ్చేవాళ్లు చేరారు. గీజర్లు, బాల్కనీలు, కింద కార్లు నిలిపే చోటు. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే నా కిటికీలోంచి ఆ మేడంతా కనిపించేది.

మా ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని, వీధి వైపు షట్టర్ పెట్టించుకున్నాను. ఆ ఏడాది మునిసిపాలిటీ బిల్ కలెక్టర్ వచ్చి షట్టర్ చూసి, ఇల్లు మొత్తానికీ దుకాణం లెక్కన పన్ను వేశాడు. మిషన్ ఉన్నది ఒక్క గదిలోనే, వెనక గదుల్లో మేం కాపురం ఉంటున్నామని ఎంత చెప్పినా వినలేదు. కోపంలో నా చెయ్యి కిటికీ వైపు లేచింది. మరి ఆ మేడకు ఎంత వేశారని అడిగాను.

"అది చర్చిది అక్కా. దానికి పన్ను ఉండదు," అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు నిలకడ లేదు. జాకెట్లకు కొలతలు తీసుకుంటూ అదే మాట, కాజాలు కుడుతూ అదే మాట. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగేదాన్ని. దేవుణ్ణి మొక్కే చోటుకు లేదంటే సరే, రేకుల హాలుకు లేదన్నా సరే, డబ్బు తీసుకుని ఇచ్చే గదులకు ఎందుకు లేదు? కొందరు నిజమే అన్నారు. కొందరు మనకెందుకులే అన్నారు. మా ఆయనైతే, నువ్వు కుట్టిన జాకెట్ల కంటే నీ ప్రశ్నే ఊళ్లో ఎక్కువ తిరుగుతోందని నవ్వాడు.

ఈ సంగతి మా వీధి గుడి కమిటీ పెద్దమనిషికి చేరింది. ఆయన హుషారుగా వచ్చి, చర్చి మొత్తం మీద అర్జీ పెడదాం, సంతకాలు నేను తెస్తానన్నాడు. నాకది నచ్చలేదు. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలో సగం మంది ఆదివారం ఆ చర్చికే పోతారు. నా పేచీ దేవుడితోనూ కాదు, వాళ్లతోనూ కాదు. అర్జీ వద్దు, వార్డు సభలో నేనే అడుగుతానన్నాను. అంతవరకూ నేను నలుగురిలో నిలబడి మాట్లాడి ఎరగను.

సభ బడి ఆవరణలో పెట్టారు. మునిసిపాలిటీ నుంచి రెవెన్యూ ఆఫీసర్ వచ్చాడు. పాస్టరుగారిని మా దగ్గర అందరూ అయ్యగారు అంటారు; ఆయన ఆశ్రమం వాళ్లను ఆటోల్లో తీసుకొచ్చారు. రేకుల హాలు అవ్వలు ఉతికిన చీరలు కట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లను చూసి ఒక్క క్షణం వెనకాడాను. అయినా లేచాను.

"సార్, నా మిషన్ నడిస్తేనే నాకు బువ్వ. దానికి పన్ను కట్టమంటే కడత. మరి గా మేడల గదులకు పైసలు తీసుకుంటుండ్రు కద, దానికెందుకు లేదు? మొక్కే జాగ గురించి నేను అడుగుతలేను. కిరాయి జాగ గురించి అడుగుతున్న."

వెనక నుంచి చప్పట్లు వినపడ్డాయి. నా లోపల ఏదో గంతులేసింది.

అయ్యగారు కోపం తెచ్చుకోలేదు. మేడ గదుల మీద వచ్చేదంతా రేకుల హాలు వాళ్ల తిండికీ మందులకే పోతోందని చెప్పారు. అది నిజమని మా వీధిలో అందరికీ తెలుసు. అప్పుడు ముందు వరసలోంచి ఒక అవ్వ లేచింది. ఉప్పునుంతల వైపు మనిషి, బతుకంతా పరాయి రాష్ట్రాల్లో కాలువ పనులకు మట్టి మోసింది.

"బిడ్డా, నువ్వడిగింది తప్పని నేనంటలేను. జర గిదొక్కటి చెప్పు. పన్ను పడితే మాకు పెట్టేదాంట్ల కోస్తరా?"

"తెల్వదవ్వా," అన్నాను.

అప్పుడు మేడలో ఉండే ఒక పెద్దాయన లేచాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. వనపర్తిలో సొంతింట్లో ఉన్నన్నాళ్లూ పన్ను కట్టానని, ఇక్కడికొచ్చాక తన గదికి ఎవరూ కట్టడం లేదన్న సంగతే తట్టలేదని చెప్పాడు.

"ఈ రోడ్డు మీదనే నడుస్తున్న, ఈ నల్లా నీళ్లే తాగుతున్న. నాకు పింఛను వస్తది. మా గదుల పన్ను మేమే కడతం. అవ్వోళ్ల తిండి జోలికి పోవద్దు," అన్నాడు.

మేడవాళ్లలో కొందరు తలలూపారు. ఒకరిద్దరు మొహాలు ముడుచుకున్నారు. ఆస్తి ఎవరిదన్నది కాదు, దాన్ని దేనికి వాడుతున్నారన్నదే చూస్తామని, తానే వచ్చి కొలుస్తానని ఆఫీసర్ చెప్పాడు. నా ఇల్లు కూడా కొలుస్తానన్నాడు.

కొలిచే రోజు వీధి వీధంతా చర్చి ఆవరణలోనే ఉంది. పిల్లలు ప్రహరీగోడ ఎక్కారు. ఆఫీసర్ వెంట వచ్చిన మనిషి ఒక్కడే కావడంతో టేపు రెండో కొస నేను అందుకున్నాను. టేపు పట్టడం నాకు రోజూ ఉన్న పనే. కాకపోతే మనుషులను కొలిచే చేతులతో గోడలను కొలుస్తుంటే నవ్వొచ్చింది. ప్రార్థన చేసే మందిరాన్ని వదిలేశారు. రేకుల హాలును వదిలేశారు. మేడ గదులు ఒక్కొక్కటీ పన్నులోకి వచ్చాయి. బ్యాంకు పెద్దాయన ముందే తలుపు తీసి పెట్టుకుని, బాల్కనీని మరిచిపోవద్దని గుర్తుచేశాడు.

చివరికి వంటగది దగ్గర అందరం ఆగిపోయాం. అది హాలుకూ మేడకూ మధ్యలో ఉంది. ఒకే గుండిగలో అన్నం ఉడుకుతోంది. అందులోంచే బకెట్లలో హాలుకు పోతుంది, క్యారియర్లలో మేడ మీదికి పోతుంది. ఆఫీసు మనిషి పన్ను వేయాల్సిందే అన్నాడు. అయ్యగారు కుదరదన్నారు. వాదన పెరిగింది, గోడ మీది పిల్లలు కూడా రెండు జట్లయ్యారు. ఉప్పునుంతల అవ్వ చిక్కుడుకాయలు ఒలవడం ఆపి మా మొహాలు చూస్తోంది. ఆఫీసర్ కాసేపు గుండిగ వంక చూసి నా వైపు తిరిగాడు.

"మొదలుపెట్టింది నువ్వే కదమ్మా. నువ్వేమంటవు?"

అంత పెద్ద ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. సగం వెయ్యమని నోటిదాకా వచ్చింది.

"ఉడికే అన్నంల గీత గియ్యలేం సార్. దీన్ని వదిలెయ్యుండ్రి," అన్నాను.

ఆయన వదిలేశాడు. అది సరైన తీర్పో కాదో నాకిప్పటికీ రూఢిగా తెలియదు. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, అదే టేపుతో మిషన్ గదిని మాత్రం దుకాణంగా కొలిచి, మిగతా ఇంటిని ఇల్లుగానే ఉంచాడు. నేను వీధిలోకి ఉరికి, కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను.

మేడలో ఒకాయన పన్ను కట్టనని గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే ఆ గదిలోకి ఇంకొకరు వచ్చారు. హాలు అవ్వల తిండిలో ఏమీ తగ్గలేదు. ఆ అవ్వను నేనే వెళ్లి అడిగి తెలుసుకున్నాను. ఆ తరవాతి వార్డు సభలో బ్యాంకు పెద్దాయన లేచి, గుడి చుట్టూ కిరాయికిచ్చిన షట్టర్ల సంగతేమిటని అడిగాడు. వాటినీ కొలిచారు. గుడి కమిటీ పెద్దమనిషి అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన భార్య మాత్రం జాకెట్ గుడ్డలు మా పెరటి వైపు నుంచి పంపుతూనే ఉంది.

ఈ ఏడాది పన్ను కట్టడానికి పెద్దాయనా నేనూ కలిసే వెళ్లాం. కౌంటర్‌లో రసీదు చేతికి రాగానే ఆయన కదలకుండా అక్కడే నిలబడి, మా వీధి మూల స్తంభానికి లైటు ఎప్పుడు వేస్తారని అడిగాడు. నేను గొంతు కలిపాను. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా తమ తమ వీధుల లైట్ల గురించి మొదలుపెట్టారు. ఆ వారంలోనే మా స్తంభానికి లైటు వేసి వెళ్లారు.