నేను తాగిన విత్తనాల జావ

ఈ ఉదయం డుంబ్రిగుడలో జరిగిన రైతుల శిక్షణలో ఒక తప్పు చేశాను. వానలు నమ్మకం తప్పిన ఈ రోజుల్లో కొండపోడుకి కలగలుపు విత్తనమే రక్ష అని ఈ ప్రాంతానికి మొదట నేర్పింది నేనేనని ఒక కుర్ర అధికారి మైకులో చెప్పి శాలువా కప్పితే, కాదనకుండా కప్పించుకున్నాను. మీలోనూ నాలాగే కొండలెక్కి దిగి రిటైరైనవాళ్లుంటారు కనక, మీకూ నిజం చెప్పుకోవాలి.

వ్యవసాయ శాఖ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒక ముసలామె ఇంట్లో పొయ్యి పైన వేలాడే ఆనపకాయ బుర్రలో సామలు, చోళ్లు, జొన్నలు, కందులు అన్నీ కలిపి దాచిన విత్తనాన్ని చూసి, ఇదేం సాగు అని నవ్వి, కొండవాలు మొత్తం మేమిచ్చే మొక్కజొన్న ఒక్కటే వేయమని పట్టుబట్టాను.

"వానకి నువ్వు సెప్పగలవా బాబూ? ఒకటి పోతే ఒకటుంటాదనే కదా కలిపేది," అందామె.

నేను వినలేదు. మళ్లీ పాత దారి పడుతుందేమోనని ఆ బుర్ర కూడా ఖాళీ చేయించాను. ఆ గింజలు దంచి ఆమె జావ కాస్తే, కూతురు అడ్డాకు దొప్పలో పోసి ఇచ్చింది. మెచ్చుకుంటూ తాగాను.

ఆ ఏడు మొలకలొచ్చాక వాన మొహం చాటేసింది. మొక్కజొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. నా మాట వినని పక్కవాళ్లకు జొన్నలు పోయినా సామలు, కందులు చేతికొచ్చాయి. ఆమెకు మాత్రం తిండిగింజే కాదు, మరుసటేడు చల్లుకునే విత్తనమూ లేక, ఇంటింటికీ తిరిగి గుప్పెడేసి అడిగి తెచ్చుకుందని విన్నాను. వెళ్లి మొహం చూపించలేకపోయాను. బదిలీ అడిగి పార్వతీపురం వెళ్లిపోయాను.

ఈ రోజు భోజనాల దగ్గర తల నెరిసిన ఒకామె ఎదురొచ్చి, "శాలువా బాగున్నాది సారూ. మా అమ్మ కాసిన జావ గుర్తున్నాదేటి?" అని నవ్వింది. ఆ కూతురే. ఆ నవ్వులో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం మైకు అడిగి తీసుకుని, ఇక్కడ రాసినదంతా అందరి ముందూ చెప్పాను. శాలువా ఆమెకు ఇవ్వబోతే, "ఈ ఉక్కలో నాకేటికి బాబూ, నువ్వే మొయ్యి!" అంది, అందరూ నవ్వారు. ఆనాడు పొయ్యి పొగలో నల్లబడ్డ బుర్రలో ఉన్న గింజలే ఇప్పుడు ప్రొజెక్టర్ వెలుతురులో గోడ మీద రంగుల బొమ్మగా వెలుగుతున్నాయి, కింద నా పేరుతో. అది తీసేసి ఆ ముసలామె పేరు వేయమన్నాను. ఏం పేరని అధికారి అడిగాడు.

ఇన్నేళ్లలో నేనెన్నడూ అడగలేదు. కూతుర్ని అడిగి రాయించి, మైకు ఆమె చేతికిచ్చి, వెళ్లి రైతుల వెనక చాప మీద కూర్చున్నాను. ఏ గింజ ఎంత కలపాలో ఆమె చెబుతుంటే, ఈసారి రాసుకున్నాను.