రెండు వైపులా తల పెట్టుకోగలిగిన పరుపు

వ్యాన్ కొన్నది నేను. కొనిపించింది నా భార్య నడుము.

ఆ నడుములో ఒక డిస్కు తన చోటు వదిలి కొంచెం పక్కకు జరిగిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ప్రయాణం అనే మాట వాడుకలోంచి పోయింది. బస్సులో గంటసేపు కూర్చుంటే ఆమెకు రెండు రోజులు మంచమే. పెళ్ళిళ్ళకు నేనొక్కణ్ణే పోయి, భోంచేసి, "ఆమె రాలేదా?" అని అడిగినవాళ్ళకు డిస్కు గురించి వివరించి వచ్చేవాణ్ణి. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి వివరణ కాస్త పొడుగ్గానే ఉండేది. తరవాత తరవాత ఎవరూ అడగడం లేదు.

తిరుపతిలో మా మిద్దె మీది నుంచి శ్రీహరికోట రాకెట్ కనబడుతుంది. కనబడుతుందంటే, తూర్పున అగరొత్తి కొసన నిప్పంత. ప్రతిసారీ ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కి ఆ నిప్పును చూసి, గోడ పట్టుకునే దిగేది. ఒకసారి అలా దిగుతూ సగం మెట్ల మీద ఆగింది.

"దీన్ని దగ్గిర్నించి ఒక్కసారన్నా సూడాల. కూర్చోని పోయేదానికి నాతో కాదు. పండుకోని పోయే బండి ఏదన్నా ఉండాదా?"

"ఉంది. అంబులెన్సు."

ఆమె నవ్వలేదు. విషయం గట్టిదే అని అప్పుడు తెలిసింది.

అలా ఒక పాత స్కూలు వ్యాన్ మా వాకిట్లోకి వచ్చింది. సీట్లు పీకించి, పసుపు మీద తెల్లరంగు కొట్టించాను. ఎండ గట్టిగా పడితే కిందున్న పసుపు ఇప్పటికీ కనబడుతుంది. వీధి పిల్లలు దాన్ని చూసి అమ్మల వెనక దాక్కుంటారు.

బండి వచ్చిన పూటే దాన్ని చూడడానికి నా బావమరిది కూడా వచ్చాడు. మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలడం అతని వ్యాపారం. లోపలికెక్కి జానలతో కొలవడం మొదలుపెట్టాడు.

"బావా, క్రేట్లు బాగా పడతాయి ఈడ."

"ఇది మీ అక్క పడుకోవడానికప్పా."

"పండుకుంటే సరే. పండుకోకుంటే నాకు ఒక మాట సెప్పు. బయట బేరం పెట్టొద్దు."

గడపలో నిలబడి వింటున్న ఆమె అక్కడికక్కడే తేల్చేసింది. "ఈ బండిలో నాకు నిద్ర పట్టలేదంటే నువ్వే తోలుకోని పోరా. ఇంట్లో పండుకునేదానికి నాకు మంచం ఉండాది."

అంటే బండి ఉంటుందా పోతుందా అన్నది ఇంజను చేతిలో లేదు, పరుపు చేతిలో ఉంది. ఆమె మళ్ళీ గడప దాటుతుందా లేదా అన్నదీ అంతే. ఆ సంగతి మేమిద్దరం పైకి అనుకోలేదు.

పరుపుల వేట మొదలుపెట్టాం. తిరుపతిలో ఒక పెద్ద షాపులో కుర్రాడు ఆమెను మెత్తటి ఫోమ్ పరుపు మీద పడుకోబెట్టి, "ఇది మీ ఒంటిని గుర్తుపెట్టుకుంటుంది మేడమ్" అన్నాడు.

"గుర్తు పెట్టుకునేదానికి మా ఆయన ఉండాడు గానీ, నడుము సంగతి సెప్పు నాయనా."

పైగా అది మడత పడదు. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి ఉన్నది ఒకటే చోటు. కొబ్బరిపీచు పరుపు గట్టిగా ఉంది, పడుకున్నాక చెక్క మీద చెక్క వేసినట్టు. గాలి పరుపు తెప్పించాను. మడిస్తే సంచిలో పట్టేసింది. ఆ ఒక్క గుణం చూసి మనసు పారేసుకున్నాను. హాల్లో ఊది పడుకుంటే, ఆమె ఒత్తిగిల్లినప్పుడల్లా నేను కింద పడ్డాను. నేను ఒత్తిగిల్లలేదు, అంత ధైర్యం చెయ్యలేదు.

చివరికి గట్టి ఫోమునే మూడు ముక్కలుగా కోయించాను. మడిస్తే సోఫా, పరిస్తే పరుపు. మోకాళ్ళ కింద ఎత్తు ఉంటే నడుముకు సుఖమని డాక్టరు చెప్పాడు కాబట్టి, డ్రైవరు సీటు వైపు ముక్కకు ఏటవాలుగా ఎత్తు కుట్టించాను. వెనక చక్రాల మీద లేచి ఉండే రేకు గూళ్ళు అడ్డం రాకుండా, వెనక తలుపు వైపు ముక్క అంచుల్లో గాళ్ళు కోయించాను. తల వెనక తలుపు వైపు, కాళ్ళు డ్రైవరు వైపు. బొమ్మ గీసి, కొలతలు వేసి, కింద సంతకం కూడా పెట్టాను. ఎవరూ అడగకపోయినా.

పరీక్షకు కార్వేటినగరం దగ్గర తెలిసినాయన మామిడితోటను ఎంచుకున్నాం. ఆమె దారంతా పడుకునే వచ్చింది, ఒక్కసారి కూడా మూలగలేదు. తోట గేటు ఇరుకు. చెట్ల మధ్య బండి ఎలా దూరితే అలాగే నిలబడాలి, తిప్పుకునే చోటు లేదు. దూరాం. నేను దీపం తగిలించి, పరుపు పరిచి, దుప్పటి సర్ది, కొత్త ఇల్లు చూపించేవాడిలా పక్కకు తప్పుకున్నాను.

ఆమె పరుపు వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

"పొద్దు యాడ గూకతా ఉండాది?"

"కుడి పక్క."

"అంటే ఈ వెనక తలుపు?"

అప్పటికి నాకూ అర్థమైంది. బండి ముక్కు దక్షిణానికి ఉంది. వెనక తలుపు ఉత్తరం. నేను అంత శ్రద్ధగా ఏర్పాటు చేసిన తల వైపు సరిగ్గా ఉత్తరం. ఉత్తరం వైపు తల పెట్టి మా ఇళ్ళల్లో ఎవరూ పడుకోరు. ఇల్లు కట్టేటప్పుడు మంచం ఎటు వేయాలో ముందు చూసుకుంటాం కాబట్టి, ఆ తరవాత జీవితాంతం దాని గురించి ఆలోచించే పని పడదు. ఇల్లు కదలదు మరి.

"భూమే పెద్ద అయస్కాంతం, సరే. కానీ దాని బలం మనిషి తల మీద..." అని నేను పాఠం ఎత్తుకున్నాను.

"మీ అయస్కాంతం నాకు తెల్దు. ఆ పక్క తల పెట్టొద్దని పెండ్లయిన కొత్తలో నాకు సెప్పింది మీ అమ్మే."

ఆ వైపు నుంచి దెబ్బ వస్తుందని నేను అనుకోలేదు.

తిరగబడి పడుకుందామంటే మోకాళ్ళ ఎత్తు తల కిందికొచ్చి మెడ విరుస్తుంది. పరుపే తిప్పుదామంటే గాళ్ళు కోసిన ముక్క అటువైపు ఇమడదు. ఆమె కాళ్ళు ముడుచుకుని అడ్డంగా పడుకుంది. తెల్లారి బండి దిగడానికి నా రెండు చేతులూ, తోట కాపలా ఆయన రెండు చేతులూ కావలసి వచ్చాయి. దారిలో ఆమె తమ్ముడికి ఫోను చేసి ఉత్తరం సంగతి చెప్పింది.

సాయంత్రానికి బావమరిది వచ్చాడు. ఈసారి టేపు తెచ్చుకున్నాడు.

"ఏం బావా, ఉత్తరం ఎటుండాదో సూసుకోకుండానే ఇన్నేండ్లు పిల్లోళ్ళకు సదువు సెప్పినావా?"

"సిలబస్‌లో లేదప్పా."

అతను నవ్వుతూ వెనక తలుపు వెడల్పు కొలిచి ఫోనులో ఎక్కించుకున్నాడు. నా భార్య మంచం మీది నుంచే కేకేసింది.

"టేపు లోపల పెట్టుకో రా. ఇంగొక్కసారి సూస్తాం. రాకెట్ కాడికే పోతాం. ఆడ నిద్ర పట్టకపోతే నీదే."

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. ఊళ్ళలో బండి నిలిపే చోట్లు నా మాట వినవు. నా భార్య నా మాట వినదు. ఉత్తరం ఎవరి మాటా వినదు. ఇక మార్చడానికి మిగిలింది పరుపు ఒక్కటే.

హాల్లో నేల మీద చాక్‌పీసుతో వ్యాన్ లోపలి భాగం అసలు కొలతకు గీశాను. అందులో ఆమెను అటు తల పెట్టి, ఇటు తల పెట్టి పడుకోబెట్టి చుట్టూ గుర్తులు వేశాను. చక్కెర అడగడానికి వచ్చిన పక్కింటావిడ ఆ గీతల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం సార్, పోలీసోళ్ళు గానీ వచ్చి పోయినారా?"

"లేదమ్మా. పరుపు."

ఆమె చక్కెర తీసుకోకుండానే పోయింది.

మధ్యాహ్నం కునుకులన్నీ ఆ గీతల మధ్యే తీశాం. ముందు తేలిన సంగతి, రేకు గూళ్ళతో పేచీ పడకూడదని. పరుపు కింది చెక్కను వాటి కంటే ఎత్తుకు లేపించాను. గాళ్ళ అవసరం పోయింది. లేచిన చెక్క కింద నీళ్ళ క్యాను, స్టవ్వు, గ్యాసు బండ పట్టాయి. కూర్చుంటే నా తల పైకప్పుకు తగులుతుంది, నేను వంగడం నేర్చుకుంటున్నాను. పరుపు మూడు ముక్కలూ ఒకే కొలతవి, ఒకే మందానివి, ఎక్కడైనా ఏదైనా ఇముడుతుంది. ఫోము మన ఎండలకు వీపును ఉడికిస్తుంది కాబట్టి దాని మీదికి పల్చటి దూది పరుపు కుట్టించాను. చుట్టి తాడు వేస్తే చంకలో పడుతుంది, పొద్దున బండి మీద ఎండేసుకోవచ్చు. దుప్పట్లు నగరిలో తీసుకున్నాం, ఉతికేకొద్దీ మెత్తబడే నూలువి. షాపతను రెండు చాలా అంటే ఆమె ఇంకో రెండు తీయమంది.

"బండిలో ఉండేది మనిద్దరమే కదా?"

"ఎవురన్నా వస్తే?"

వ్యాన్‌లోకి ఎవరు వస్తారని నేను అడగలేదు. కానీ చివరికి పనికొచ్చింది ఆ అదనపు దుప్పట్లే. మోకాళ్ళ ఎత్తు కుట్టేస్తే కదలదు, విడిగా దిండు చేయిస్తే చోటు తింటుంది. ఆమె పాత పరదా గుడ్డతో పొడుగాటి గొట్టంలా ఒక గలీబు కుట్టింది. రెండు దుప్పట్లు, శాలువ, నా స్వెటరు అందులో బిగించి కుక్కి మూతి ముడేసింది. పగలు వీపుకు ఆనుకునే దిండు, రాత్రి మోకాళ్ళ కింద దిండు. తల ఎటు పెడితే అది రెండో వైపుకు పోతుంది. దిక్కు మార్చడానికి పట్టే కష్టమల్లా ఒక దిండు జరపడమే. నాకు మాత్రం చలేస్తే స్వెటరు దొరకదు.

రాకెట్ పొద్దున్నే అని తెలిశాక ముందురోజే బయలుదేరాం. శ్రీహరికోట పోయే దారిలో, సరస్సు కనబడే చోట ఒక టీ కొట్టాయన తన ఖాళీ స్థలంలో బండ్లు నిలుపుకోనిస్తున్నాడు. చేతిలో కర్రతో, చాలా కచ్చితమైన మనిషి.

"సార్, ముక్కు ఇట్లా పెట్టాల. అందరూ ఒక వాటం. తిప్పేది లేదు."

పొద్దు చూశాను. వెనక తలుపు మళ్ళీ ఉత్తరానికే. బతిమాలడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

"నీ ఇష్టం నాయనా, ఎట్లయినా పెట్టుకో."

అంత సులువుగా ఒప్పుకున్నవాణ్ణి అతను ఆ రోజు చూసినట్టు లేదు. అనుమానంగా చూశాడు. నేను లోపలికి పోయి పొడుగు దిండును వెనక్కి, తల దిండ్లను డ్రైవరు వైపుకు వేశాను. నా భార్య పొద్దును చూసింది, పరుపును చూసింది, దక్షిణానికి తల పెట్టి పడుకుంది.

తెల్లవారాక జనం సరస్సు గట్టు మీద చేరారు. లేపుదామని తలుపు దగ్గరికి వచ్చాను. ఆమె నోరు కొంచెం తెరుచుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రపోతోంది. ఇంట్లో ఆ వేళకు నొప్పితో లేచి, గోడ పట్టుకుని హాల్లో తిరుగుతుంటుంది. ఆ అడుగుల చప్పుడుకే నేను రోజూ నిద్ర లేస్తాను. గట్టు మీద ఎవరి ఫోనులోనో అంకెలు తగ్గుతున్నాయి. రాకెట్లు మళ్ళీ పంపుతారు, అది వాళ్ళ ఉద్యోగం. ఈ నిద్ర మళ్ళీ వస్తుందని నాకెవరూ హామీ ఇవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వెలుగు లేచింది. అగరొత్తి కాదు, ఇంకో పొద్దు పొడిచినట్టుంది. జనం కేకలు పెట్టారు. ఆమె కదల్లేదు. వెలుగు ముందు, శబ్దం వెనక అని కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పాను. అది నిజమే. రాకెట్ మబ్బుల్లో దూరిపోయాక ఉరుము లాంటి మోత నేల మీదుగా దొర్లుకుంటూ వచ్చి వ్యాన్ అద్దాలన్నిటినీ గలగలలాడించింది.

"ఏమండీ, గ్యాసు కట్టేసినారా?" అంది ఆమె లోపల్నించి.

"కట్టేశాను. రాకెట్ పోయింది."

ఒక్క ఉదుటున బయటికొచ్చింది. ఆకాశంలో వంకర తిరుగుతున్న పొగ తప్ప ఏమీ లేదు.

"లేపేదానికేం మీకు?"

"నిద్రపోతున్నావు."

"నిద్రపోయేదానికి ఇంత దూరం రావల్నా?"

"రావాల్సి వచ్చింది."

తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచి, వెనక్కి తిరిగి వ్యాన్ మెట్టు చూసింది, తన కాళ్ళు చూసుకుంది.

"ఎవురూ పట్టుకోకుండానే దిగినానే!"

అంతలో ఫోను మోగింది. బావమరిది. ఆమే ఎత్తింది.

"నిద్రా? రాకెట్ పొయినా తెల్లేదు రా. క్రేట్లకు నువ్వు వేరే బండి సూసుకో. ఇది అమ్మేది లేదు."

ఫోను పెట్టేసి, టీ కొట్టాయన్ని పిలిచి ఇంకో రాకెట్ ఎప్పుడని అడిగింది. అతనికి తెలియదు. తెలుసుకోమని చెప్పి, ఇదే చోటు మాకు ఉంచమంది. తరవాత నా వైపు తిరిగింది.

"వచ్చే తూరి లేపకపోతే, మిమ్మల్ని ఉత్తరం పక్క తల పెట్టి పండుకోబెడతా."

పరుపు అందుకూ పనికొస్తుంది. కుట్టించింది నేనే.