పడవల హాలు కోసం

మొన్నటి వానకు నల్లగండ్లలో మా అపార్టుమెంటు సెల్లారులోకి నీళ్లు వచ్చాయి. పాదం మునిగీ మునగని ఆ నీళ్లలో నాలుగడుగులు వేస్తే లిఫ్టు, కానీ నా కాళ్లు కదలలేదు. వాచ్‌మన్ భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. వయసు మీద పడినదాన్ని, జారతానని జంకుతున్నాననుకుంది పాపం.

నా భయం ఎక్కడిదో మావారికి తెలుసు, అదీ సగమే. ఆయన పోయి ఏడాదయింది.

హైటెక్ సిటీ వెనక చెరువు గట్టున, రెండు గదుల అద్దె ఇంట్లో ఆయన చిన్న పడవల మ్యూజియం నడిపేవారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి కావడంతో, ఊళ్లలో మూలపడిన తెడ్లు, వలలు, నాటు పడవలు వెతికి తెచ్చేవారు. అన్నిటికన్నా పెద్ద పడవకు గదిలో చోటు లేక పెరట్లో టార్పాలిన్ కింద ఉంచితే చెదలు పట్టడం మొదలైంది. హాలు కట్టకపోతే అది దక్కదు. దానికి విరాళం కోసం ఎన్నో ఆఫీసుల రిసెప్షన్లలో కూర్చుని కూర్చుని వచ్చాక, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, చూసి రావడానికి ఒక అమ్మాయిని పంపుతామంది.

ఆ అమ్మాయిని చెరువులో తిప్పితే మనసు కరుగుతుందని మావారి ఆశ. ఏళ్ల తరబడి గదిలోనే ఉన్న చిన్న పడవకు వార్నిష్ వేస్తుంటే, చెరువులో చేపలు పట్టే పెద్దాయన వచ్చి చూశాడు. ఆమె రావడానికి ఇంకా వారం ఉంది.

“సారూ, ఇది ఎండిన కట్టె. నాలుగు దినాలు నీళ్లల్ల ముంచి పెట్టు. చెక్కలు ఉబ్బితెనే సందులు మూస్కుంటయి.”

“బురద పట్టేస్తుంది బాబాయ్. పెళ్లిచూపులకి పిల్లని బురదలోంచి తీసుకొస్తామా ఏంటి?” అని నవ్వేశారు మావారు.

ఆ అమ్మాయి వచ్చిన రోజు, పడవలో ఆమె, నేను ఎదురెదురుగా కూర్చుంటే, మావారు నా వెనక బల్ల మీద నిలబడి తెడ్డు వేశారు. గట్టు దూరమయ్యాక నా పాదాల కింద చల్లగా తగిలింది. చెక్కల సందుల్లోంచి నీళ్లు, చప్పుడు లేకుండా. నాకు ఈత రాదు.

“ఆంటీ, ఇది నార్మలేనా?”

“నార్మలేనమ్మా” అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే తెలుసు. ఆమె భయపడితే హాలు పోతుంది. కుచ్చిళ్లు తడిసి బరువెక్కుతున్నా నవ్వు మొహంతో కూర్చున్నాను. నీళ్లు చీలమండలు దాటాక ఆమె నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. అప్పుడు అరిచాను. పెద్దాయన తన థర్మకోల్ తెప్ప మీద వచ్చి ముందు ఆమెను, తర్వాత నన్ను లాక్కున్నాడు. మావారు మునుగుతున్న పడవను వదిలి తెప్ప పట్టుకుని ఈదారు.

“చెప్తె ఇన్నవా సారూ? పానాలు పోయినంక హాలు ఎవనికి కడ్తవ్?” అని గట్టు దాకా తిడుతూనే ఉన్నాడు.

తప్పంతా తనదేనని మర్నాడు మావారు కంపెనీకి ఉత్తరం రాశారు. ఇక రాదనుకున్న డబ్బు వచ్చింది, పడవల్లో ఎవరినీ ఎక్కించకూడదన్న షరతుతో. హాలు తెరిచిన రోజున ఆ అమ్మాయి నన్ను చూపించి, ఆంటీ అంత ధైర్యంగా ఉండబట్టే తాను నిలబడగలిగానని అందరికీ చెప్పింది. మావారు గర్వంగా నావైపు చూశారు. నేను తల దించుకుంటే సిగ్గనుకున్నారు.

ఇప్పుడు చెరువు చుట్టూ కంచె, నడిచేవాళ్లకు బాట. పెద్దాయన ఎటు పోయాడో తెలియదు. పడవలు చల్లని హాల్లో భద్రంగా ఉన్నాయి, బడి పిల్లలు వరసగా వచ్చి చూసి పోతున్నారు. మావారు తన తప్పు అందరికీ చెప్పుకున్నారు. నాది ఆయన ఒక్కరికి చెప్పడానికి ఇన్నేళ్లు చాలలేదు. ఆ అమ్మాయికి ఈత వచ్చో రాదో, నేను ఇప్పటికీ అడగలేదు.