ముందు పేరు, తర్వాత పువ్వు

మా పక్కింటి ఆంటీ మంగళవారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. కెనడాలో ఈ గ్వెల్ఫ్ ఊళ్లో నాకు నా మనిషి అనిపించింది ఆవిడొక్కరే. సాయంత్రం వాళ్లమ్మాయి, నేను అక్కా అని పిలుస్తాను, ఫోన్ చేసింది.

"ఫ్యునరల్ హోమ్ వాళ్లు అమ్మ ఫోటో అడుగుతున్నారు రా. మా దగ్గరున్నవన్నీ పాతవే. గార్డెన్‌లో నువ్వు తీసినవి ఉంటాయి కదా?"

ఉండకేం అక్కా అన్నాను. నాలుగు వేసవులు ఆవిడతో బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి ఫోటోలు తీసినదాన్ని.

ఆంటీ గుంటూరులో బోటనీ లెక్చరర్‌గా రిటైరై కూతురి దగ్గరికొచ్చారు. చేతులు వణికే జబ్బు వచ్చి కెమెరా పట్టుకోలేకపోయారు, అందుకని నన్ను పట్టుకున్నారు. ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి, "లేమ్మా, ఎండ ముదిరితే రంగులు పాలిపోతాయి" అనేవారు. వారమంతా స్టోర్‌లో షిఫ్టులు చేసిన నాకు ఒళ్లు మండేది. ఆవిడ చేతిలో పులిహోర డబ్బా చూశాక చల్లబడేదాన్ని.

ఆవిడకో పద్ధతి ఉంది. మొక్క దగ్గరున్న పేరు బోర్డును ముందు తీయాలి, పువ్వును తర్వాత. ఒకసారి మరిచిపోయి పువ్వే తీస్తే, డిలీట్ చేయించి మళ్లీ మొదలుపెట్టించారు. "పేరడక్కుండా మొహం చూసి వచ్చేస్తే పరిచయం ఎట్లా అవుతుందమ్మా?" అన్నారు. గాలికి కాడ ఊగితే రెండు వేళ్లతో పట్టుకునేవారు. అప్పుడు పువ్వు ఇంకా ఎక్కువ ఊగేది.

"ఆంటీ, మీకన్నా గాలే నయం."

"నోరు మూసుకుని తియ్యి" అని ముందు ఆవిడే నవ్వేవారు.

తనని తీస్తానంటే మాత్రం, "నా ముందు బోర్డేదీ?" అని పక్కకు తప్పుకునేవారు.

కిందటి సెప్టెంబరులో, ఆస్టర్లు పూశాయి, పోదామా అని అడిగారు. షిఫ్టుంది, వచ్చే వారం అన్నాను. షిఫ్టు లేదు, నిద్రపోవాలనుకున్నానంతే. వచ్చే వారానికి ఆవిడ మంచం పట్టారు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మంగళవారం ఫోనంతా వెతికాను. బోర్డు, పువ్వు. బోర్డు, పువ్వు. ఆంటీ ఎక్కడా లేరు. వేళ్లు పడిన ప్రతి ఫోటోనీ, అందం చెడుతుందని, నేనే క్రాప్ చేశాను. చేజేతులా ఆవిడను కత్తిరించి పారేశానని కూలబడి ఏడ్చాను.

కత్తిరించినది ఫోన్‌లో ఎక్కడికీ పోదని తర్వాత గుర్తొచ్చింది. ఒక పియోనీ పువ్వు ఫోటో తెరిచి, మళ్లీ మొదట్లా చేసే బటన్ నొక్కాను. అంచులు వెనక్కి జరిగాయి. కాడ మీద రెండు వేళ్లు, మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకున్న వాచీ. అక్కకి పంపాను.

"ఇదే పెడదాం" అంది.

శుక్రవారం ఫ్యునరల్ హోమ్‌లో హాలు గుమ్మం పక్కన స్టాండు మీద ఆంటీ పేరు రాసిన బోర్డు పెట్టారు. లోపల ఆంటీని పడుకోబెట్టిన పెట్టె పక్కన ఆ పియోనీ ఫోటో ఉంది. నేను ఫోన్ తీసి, ముందు బోర్డు ఫోటో తీశాను. లోపలికెళ్లి ఆ వేళ్లని తీయబోతే నా చేతులు వణికాయి, ఎంతకీ ఆగలేదు.