తొంభై తొమ్మిది ఫోన్లు

ఈ సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, అనకాపల్లికి రెండు రోజులుగా పట్టిన ముసురు ఇంకా వదలకముందే, నేను శరీరధర్మశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వైద్య కళాశాల నుంచి నా ఫోనుకు ఒక కరపత్రం వచ్చింది. "ముందే వీడియో, తరగతిలో చర్చ: విద్యార్థుల భాగస్వామ్యం నూరు శాతం" అని అందులో ఉంది. కాఫీ చల్లారిపోయింది, నేను చల్లారలేదు.

ఆ అంకె నా చేతిమీదుగా పోయినదే. ఉద్యోగంలో నా చివరి ఏడాది, పాఠాన్ని నలభై నిమిషాల వీడియోగా ముందే పంపేవాణ్ణి. విద్యార్థులు హాస్టల్లో చూసి రావాలి. తరగతిలో ప్రశ్నలూ చర్చా జరగాలి. ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో కంప్యూటరు చెప్పేది. ముప్పైకి తగ్గినవారికి ఇంటర్నల్ పరీక్ష లేదని నియమం పెట్టింది నేనే. మనుషుల మాటను నమ్మేవాణ్ణి కాను, అంకెను నమ్మేవాణ్ణి. కిడ్నీ పాఠం నాడు నూరుగురిలో తొంభై తొమ్మిది మందికి నలభైకి నలభై. చీడికాడ దగ్గరి చెరుకు రైతు కూతురు ఒక్కతెకే ఇరవై రెండు. లేచి నిలబడమన్నాను.

"సగంలో ఆగిపోయేనండి సార్. అర్థం అవలేదు. మిగతాది పుస్తకంలో చదివేను" అంది.

వెనక బెంచీ నుంచి ఎవరో, "నొక్కేసి ఒగ్గేయలేకపోయేవేటే!" అన్నారు. తరగతి గొల్లుమంది. ఆ మాట నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు.

చెరుకు నరికేవాడికి ఎండలో మూత్రం ఎందుకు చిక్కబడుతుందని అడిగాను. నలభై నిమిషాలవారు బల్లల కేసి చూశారు. నిలబడి ఉన్న పిల్లే చెప్పింది: "ఒంట్లో నీరు తగ్గితే, ఉన్నది దాచమని మెదడు కిడ్నీకి కబురెడతాదండి. మా నాన్నకి రోజూ అదేనండి." తప్పు లేని జవాబు. అయినా అంకె అంకేనన్నాను. శనివారం పరీక్షకు ఆమెను కూర్చోనివ్వలేదు.

మరుసటి బుధవారం సాయంత్రం ఏడింటికి, హాస్టల్ భోజనం రుచి చూసే వంతు నాది. ఆడా మగా హాస్టళ్లకు ఒకటే మెస్సు. అక్కడ పొడవాటి బల్ల మీద ఫోన్లు బారుగా పరిచి ఉన్నాయి. ప్రతి దానిలోనూ నేను నోరు కదుపుతున్నాను. ఒక్కదానికీ శబ్దం లేదు, ఎదుట మనిషి లేడు. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి పనిచేసే వంటామె గరిటెతో నిలబడి నవ్వింది.

"ఏటి సూత్తన్నారు బాబూ? ఎండుసేపల్లాగ రోజూ ఇలాగే ఆరబెట్టేత్తారు. ఒకడు వరసగా నొక్కుకుంటా పోతాడు, మిగతావోళ్లు టీవీ కాడ కిరికెట్టు సూత్తారు. మీరు మాత్రం అలిసిపోకుండా సెప్తానే ఉంటారు!"

రెండుసార్లు లెక్కపెట్టాను. తొంభై తొమ్మిది.

మర్నాడే విభాగాధిపతి గదికి వెళ్లి, ఆ పిల్లకు మళ్లీ పరీక్ష పెట్టమన్నాను. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, "కారణం ఏమని రాయమంటారు మాస్టారూ? మీ అంకెలతోనే నివేదిక వెళ్లిపోయింది" అన్నాడు. నేను అరిచాను. ఆయన తలుపు వేయించాడు. ఆమెకు సున్నా అలాగే ఉండిపోయింది. అది వేసింది నా కలం. ఇప్పుడు కరపత్రంలో తొంభై తొమ్మిదిని నూరు చేయడానికి, సిగ్గులేకుండా, ఆమెను కూడా కలిపేసుకున్నారు.

నిమిషం గడవడం వేరు, దాన్ని మనిషి గడపడం వేరు. ఇన్నేళ్లు గడియారం చూసి పాఠం చెప్పిన నాకు అది ఆ బల్ల దగ్గర గాని తెలియలేదు. తుది లెక్క ఇది: పాఠం పూర్తిచేసిన ఫోన్లు తొంభై తొమ్మిది, పాఠం చూసిన మనిషి ఒక్కతె, ఇరవై రెండు నిమిషాలు.