బావ అంటే అన్న కాదు

నా భార్య నాకు పంపిన ముద్దు మాటలన్నీ కాగితాల మీద ముద్రించి, నాగపూర్‌లో ఒక అనువాదకుడి చేత ఇంగ్లిషులోకి మార్పించి, న్యూజిలాండ్ వీసా ఆఫీసుకు పంపిన మనిషిని నేను. సిగ్గుమాలిన పనే. కానీ అడిగింది వాళ్లు. పెళ్లి ఫొటోలూ సర్టిఫికెట్టూ ఉంటే సరిపోదట. దూరంగా ఉన్నప్పుడు మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారో కూడా చూపించాలట.

మా పెళ్లయిన కొన్ని నెలలకే ఆమె విమానం ఎక్కేసింది. నర్సు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఆసుపత్రిలో పనిచేస్తూనే పరీక్షలు రాసి, న్యూజిలాండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగం వీసా ఆమెది. భర్తనని రుజువు చేసుకుంటే నాకూ వీసా వస్తుంది. నేను సాస్తి బొగ్గు గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద డంపర్ల ఇంజన్లు బాగుచేసేవాణ్ని. చంద్రపూర్‌లోనే బాబుపేట్‌లో ఇల్లు. ఇంట్లో నేనూ, మా అత్తా. అత్త అంటే నా భార్య తల్లి, మా నాన్నకు సొంత చెల్లెలు. మాది మేనరికం.

రాజురా వైపు పల్లెల నుంచి వచ్చిన మా కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. నాకూ ఆమెకూ తెలుగు అక్షరం ముక్క రాదు. అందుకని ఎదురుగా ఉంటే తెలుగులో పోట్లాడుకునేవాళ్లం, ఫోన్లో రాసుకునేటప్పుడు మరాఠీలో రాజీ పడేవాళ్లం. రాతలోకి వచ్చిన తెలుగు మాట ఒక్కటే, ఆమె నన్ను పిలిచే పిలుపు. బావా.

అదైనా సరిగ్గా రాసేదా అంటే, లేదు. చిన్నప్పుడు మా వీధిలో ఆమె నన్ను బావా అని కేకేస్తే, మరాఠీ స్నేహితురాలొకతె దాన్ని 'భావా' అని విన్నది. మరాఠీలో అన్ననో తమ్ముణ్నో అలా పిలుస్తారు. ఆ రోజు ఈమె కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటి నుంచీ నన్ను ఏడిపించాలనిపిస్తే చాలు, భావా. నిశ్చితార్థం రోజు కూడా నా చెవిలో మెల్లగా భావా అంది. నాకు ఒళ్లు మండేది, అందుకే ఆమెకు అంత సరదా. న్యూజిలాండ్ నుంచి పంపిన ప్రతి సందేశం ఆ పిలుపుతోనే మొదలయ్యేది.

నాగపూర్ అనువాదకుడికి ఈ గోలంతా ఏం తెలుసు? ఉన్నదున్నట్టు మార్చాడు. 'అన్నయ్యా, భోంచేశావా? అన్నయ్యా, నువ్వు పక్కన లేక నిద్ర పట్టడం లేదు. అన్నయ్యా, త్వరగా వచ్చెయ్.' ఆ ఇంగ్లిషు చదివే ఓపిక నాకు లేకపోయింది. సంతకం పెట్టి పంపించాను.

వీసా ఆఫీసు నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారుణ్ని భార్య ప్రతిచోటా సోదరుడని సంబోధిస్తోంది, పాస్‌పోర్టులో ఆమె ఇంటిపేరు వేరేగా ఉంది, పెళ్లయిన వెంటనే విడిగా ఉన్నారు, దయచేసి వివరించండి అని. ఇంటిపేరు సంగతి సులువే, ఉద్యోగం తొందరలో ఆమె పాస్‌పోర్టు మార్పించుకోలేదు. అసలు చిక్కు మొదటిదే. చంద్రపూర్‌లో మా దరఖాస్తు నింపిన కన్సల్టెంటు దగ్గరికి పరుగెత్తాను. అతను నింపాదిగా టీ తాగి, "ఇందులో ఏముంది? నువ్వు ఆమెకు మామేభావు, అదే రాసేద్దాం" అన్నాడు మరాఠీలో. మేనమామ కొడుకుని మరాఠీలో అలాగే అంటారు. అదే ఇంగ్లిషులోకి వెళ్లేసరికి 'కజిన్ బ్రదర్' అయి కూర్చుంది. అన్న కాదని చెప్పుకోవడానికి పంపిన కాగితంలో నేను మళ్లీ అన్ననే అయ్యాను.

ఈసారి వచ్చిన ఉత్తరంలో మర్యాద కొంచెం తగ్గింది. ఇదే చివరి అవకాశం, వివరణ వచ్చాక ఫోన్లో ఇంటర్వ్యూ ఉంటుంది, దాని మీదే నిర్ణయం అన్నారు. నేను కన్సల్టెంటు బల్ల మీద చెయ్యి చరిచి అరిచిన అరుపులకు పక్క దుకాణం వాళ్లు వచ్చి చూశారు. అరిచి ప్రయోజనం లేదని ఇంటికి వచ్చాక తెలిసింది.

ఆ రోజు ఫోన్లో ఆమె నవ్వలేదు.

"నీకు వీసా రాకుంటే నేనే వచ్చేస్త బావా. నౌకరి పోతే పోనీ. ఒక్కదాన్నే గీడ ఉండ నాతోని గాదు."

భావా అనలేదు, బావా అనే అంది. దాంతో నాకు ఇంకా భయమేసింది. రాత్రి డ్యూటీలు చేసి, పగలు పుస్తకాల ముందు తూగుతూ కూర్చుని ఆమె ఆ ఉద్యోగం ఎలా సంపాదించుకుందో కళ్లారా చూసినవాణ్ని. నా మూలంగా అది వదులుకుని వస్తే ఆమె మొహం ఎలా చూడాలి?

అత్తకు విషయమంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఏందీ? నువ్వు దానికి అన్నవా? నేను పిల్లనిచ్చింది అన్నకా? నువ్వు పుట్టిన్నాడే నిన్ను ఎత్తుకొని, నా అల్లుడొచ్చిండు అన్న. ఊరంత ఇన్నది. ఎవనికి చెప్పాల్నో చెప్పు, నేనొచ్చి చెప్త."

తెలుగూ ఇంగ్లిషూ రెండూ తెలిసిన మనిషి కావాలి. మరునాడే అత్తను వెంటబెట్టుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కిటికీలోంచి వచ్చి మీద పడుతున్నా ఆమె తాను చెప్పబోయేది గొణుక్కుంటూనే ఉంది.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజులవి. ఆదిలాబాద్‌లో ఆఫీసుల బోర్డుల మీద ఆంధ్రప్రదేశ్ అన్నచోట సున్నం కొట్టి తెలంగాణ అని రాస్తున్నారు. మాకు దొరికిన నోటరీ వకీలు ముసలాయన, మంచివాడే, కానీ చేతులెత్తేశాడు.

"పాత ముద్ర ఏస్తె రేపు చెల్లదంటరు. కొత్త ముద్ర ఇంక చేతికి రాలే. వచ్చే వారం రాండ్రి."

అత్త కుర్చీలోంచి లేవలేదు.

"మా నాయన పుట్టినప్పుడు మా ఊరు గీ ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె సార్. ఎనుక నాందేడ్‌ల కలిపిండ్రు, ఆ ఎనుక చాందాల, గదే చంద్రపూర్‌ల, కలిపిండ్రు. ఇప్పుడు మీ రాజ్యమే మారిపాయె. మా వరుస మాత్రం మారలే. గది రాయి, ముద్ర ఎప్పుడన్న ఎయ్యి."

ఆయన నవ్వి కలం తీశాడు. అత్త చెప్పిందంతా ముందు తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లిషులో రాశాడు. బావ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాడు. చాలాసేపు ఆలోచించి, దానికి ఇంగ్లిషు పెట్టనేలేదు. బావ అనే ఉంచి వివరం రాశాడు. తల్లికి అన్నో తమ్ముడో అయినవాడి కొడుకు, ఆడపిల్లకు ఏ విధంగానూ సోదరుడు కాడు, పెళ్లాడదగిన వరుస, పెళ్లయ్యాక భర్తకూ అదే పిలుపు. ఆ మాటను తెలుగులో పెద్దగా రాసి నాకు చూపించాడు.

"గిది నువ్వు. కింద గిట్ల చిన్న గీత పెట్టిననుకో, 'భ' అయితది. నువ్వు దానికి అన్నవైతవు. గంతే తేడా."

ఒక చిన్న గీత కోసం ఇన్ని నెలలు నేను పెళ్లాం లేకుండా గడిపానని తెలిసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాతి వారం మళ్లీ వెళ్లి, కొత్త ముద్ర వేయించుకుని, కాగితాలు పంపించాను. వకీలు పెద్దగా రాసిన ఆ మాటను ఫొటో తీసి ఆమెకూ పంపి, గీత సంగతి చెప్పాను.

ఇంటర్వ్యూ ఫోను వచ్చినప్పుడు గని దగ్గర షెడ్డు వెనక్కి పరుగెత్తాను. అధికారి ఒకావిడ. మధ్యలో తెలుగు దుబాసీ ఒకాయన, నన్ను అండీ అండీ అని పలకరిస్తుంటే నాకు ఎక్కడలేని కంగారు పుట్టింది. పెళ్లిలో ఏం వండారు, ఆమె ఎన్నింటికి డ్యూటీకి వెళ్తుంది, అన్నీ చెప్పాను. చివరికి ఆవిడ అడిగింది దుబాసీ నాకు చెప్పాడు.

"పెళ్లికి ముందు మిమ్మల్ని ఏమని పిలిచేదండీ?"

"బావా అని."

"పెళ్లయ్యాక?"

"బావా అనే."

"మరి పిలుపు ఒకటే అయినప్పుడు, పెళ్లితో మారిందేమిటని అడుగుతున్నారండీ."

నోటికి వచ్చింది చెప్పాను.

"అప్పుడు పిలిస్తే పలికెటోణ్ని గాదు సార్. యాష్టకొచ్చేది. ఇప్పుడు గా పిలుపు ఇనకుంటే నాకు అన్నం సయిస్తలేదు."

దుబాసీ నెమ్మదిగా, నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువసేపు ఇంగ్లిషులో చెప్పాడు. అవతల ఆవిడ ఏదో అని ఫోను పెట్టేసింది. అదేమిటో అడగాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది.

వీసా వచ్చిందన్న కబురు నాకంటే ముందు ఆమెకు తెలిసింది. ఆ సాయంత్రం ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. మాటలేమీ లేవు. వృద్ధాశ్రమం చీటీ వెనకాల పెన్నుతో రెండు పెద్ద అక్షరాలు, వంకరటింకరగా. మొదటి అక్షరం కింద చిన్న గీత ఒకటి గీసి, మళ్లీ దాన్ని నల్లగా కొట్టేసింది.

"ఏం రాసింది బిడ్డ?" అని అత్త నా భుజం మీదుగా తొంగి చూసింది.

నేను గట్టిగా చదివి వినిపించాను. నేను పుట్టి బుద్ధెరిగాక చదివిన మొదటి తెలుగు మాట అది. మిగతా అక్షరాలన్నీ, ఇదిగో ఇప్పుడు రాస్తున్న ఇవన్నీ, ఆ తర్వాత నేర్చుకున్నవే.